పని బల్ల కింద డబ్బా

మొన్న ఇక్కడ జపాన్‌లో మా హన్‌చో, అంటే మన దగ్గర లైన్ లీడర్ అనుకోండి, నా బల్ల కింద అరలోంచి ఒక ప్లాస్టిక్ డబ్బా లాగి అందరి ముందూ తెల్ల ట్రేలో బోర్లించాడు. గుప్పెడు ఓ-రింగులు, అంటే నూనె కారకుండా పెట్టే రబ్బరు రింగులు, కొన్ని సర్క్లిప్పులు, అంటే గాడిలో ఇరికించే ఉక్కు క్లిప్పులు, చిన్న స్ప్రింగులు, ఎం8 (8 మి.మీ.) బోల్టులు, మంచి అలెన్ కీ ఒకటి. ఎవరివి ఇవి అన్నాడు, నావే అన్నా. ఎన్ని ఉన్నాయి అన్నాడు, తెలీదన్నా. ఏ లాట్‌వి, అంటే ఏ విడతలో తయారైనవి అన్నాడు, అదీ తెలీదు. అరవలేదు, తిట్టలేదు, అలెన్ కీ ఒక్కటి తీసి గోడ మీద బోర్డులో దాని ఆకారం గీసి ఉన్న చోట తగిలించి, మిగతాదంతా తీసుకెళ్ళి స్క్రాప్ వేసే ఎర్ర డబ్బాలో పోసేసాడు. కొత్త సరుకండీ, ఒక్కటి కూడా వాడింది కాదు. చేతిలో ఉన్న మంచి సామాను అలా పారబోస్తుంటే చూడటం నావల్ల కాలేదు, తల తిప్పుకున్నా.

అప్పట్నుంచి మనసులో ఆయనతో వాదిస్తూనే ఉన్నా. ఆయనతో ఎదురుగా వాదించేంత జపనీస్ నాకు రాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా, మీరే వినాలి.

మేం ఉండేది ఐచి ప్రిఫెక్చర్, మన రాష్ట్రం లాంటిదనుకోండి, టయోటా వాళ్ళ సొంత ఇలాకా. ఊరి పేరు కొరోమో అని ఉంటే 1959లో ఏకంగా టయోటా అని మార్చేసుకున్నారు, అంత. చుట్టుపక్కల ఏ సందులో చూసినా ఏదో ఒక పార్టు తయారు చేసే షెడ్డే. మాదీ అలాంటిదే, పెద్ద కంపెనీకి ఇచ్చే కంపెనీకి ఇచ్చే చిన్న కంపెనీ, హైడ్రాలిక్ వాల్వులు, అంటే నూనె ఒత్తిడితో నడిచే మెషిన్లకి పెట్టేవి, బిగిస్తాం. పొద్దున్నే రేడియో పెట్టి కసరత్తు, తర్వాత నిలబడి మీటింగు, తర్వాత పని. నెలకోసారి ఎర్ర చీటీల రోజు ఉంటుంది, అక్కర్లేదు అనిపించిన ప్రతి దానికీ ఎర్ర చీటీ కడతారు, ఎవరూ వచ్చి ఇది నాకు కావాలి అని కారణం చెప్పకపోతే ఆ వస్తువు వెళ్ళిపోతుంది. నా డబ్బాకి చీటీ కూడా కట్టలేదు, నేరుగా చెత్తలోకే, అసలు నా కడుపుమంట అంతా అక్కడే.

ఇప్పుడు చెప్పండి, మన దగ్గర పని చేసిన ఏ ఫిట్టర్ బల్ల కింద డబ్బా లేదు? నేను హైదరాబాద్ బాలానగర్‌లో చేసినప్పుడు మా సీనియర్ దగ్గర పాత అమూల్ డబ్బా ఉండేది, అందులో లేని స్క్రూ లేదు. ఎందుకంటే స్టోర్‌కి వెళ్తే ఇండెంట్, అంటే ఫలానా సరుకు కావాలని చీటీ రాయాలి, ఇండెంట్ మీద సూపర్‌వైజర్ సంతకం, సూపర్‌వైజర్ టీకి వెళ్ళుంటాడు, సంతకం అయ్యేసరికి స్టోర్ తాళం వేసుంటుంది, తాళం తీసేసరికి ఆ సైజు లేదంటారు, లేకపోతే రాణిగంజ్‌కి కుర్రాణ్ణి బండేసుకుని పరిగెత్తించాలి, వాడొచ్చేసరికి కరెంటు పోతుంది. 2012లో పవర్ హాలిడేలు పెట్టినప్పుడు గుర్తుందా, కరెంటున్న రోజుల్లోనే వారం పనంతా తోయాలి, ఆ రోజు నాలుగు సర్క్లిప్పుల కోసం మెషిన్ ఆగితే ఓనర్ ముందు నిలబడేది స్టోర్ కీపర్ కాదు, మనమే. అప్పుడు డబ్బా పెట్టుకోక ఏం చేస్తాం. మా అమ్మ పోపుల డబ్బాలో నోట్లు మడిచి దాచేది బ్యాంకు లేక కాదు, అర్ధరాత్రి అవసరానికి బ్యాంకు తెరిచి ఉండదని. ఇదీ అంతే.

ఇంకోటి, మన వాళ్ళు సర్దుకోరు అనే మాట నాకు అస్సలు నచ్చదు. దసరాకి ఆయుధ పూజ ముందు రోజు మన షెడ్లు చూడండి, ఇక్కడి వాళ్ళు ఫైవ్ ఎస్ అని గోడకి పెద్ద అక్షరాలతో రాసుకునేదంతా, ఏరటం, సర్దటం, తుడవటం, ఆ ఒక్క రోజులో అయిపోతుంది. మర్నాడు కాదు లెండి, ఒప్పుకుంటా. మా నాన్న వాళ్ళ ఫ్రెండు విజయవాడ ఆటోనగర్‌లో ఉంటాడు, ఆయన షెడ్డులో కొత్తవాడికి కాలు పెట్టే చోటు దొరకదు, కానీ ఏ లారీ మోడల్ బుష్ ఏ గోనె సంచిలో ఉందో కళ్ళు మూసుకుని చెప్తాడు. ఆయన జ్వరమొచ్చి పడుకున్న రోజు మాత్రం షెడ్డు మూసెయ్యాల్సిందే. అది కూడా ఒప్పుకుంటా.

సరే, ఇక్కడ ఎలా ఉంటుందో చెప్తా. నా బల్ల పక్కన వాలుగా ఉండే రోలర్ ర్యాక్, వెనక నుంచి పెడతారు, నేను ముందు నుంచి తీస్తా, అంటే ముందొచ్చిందే ముందు వాడతా, పాతది అడుగున పడి ముసలిదయ్యే మాటే లేదు. రబ్బరు సరుక్కి ఇది చాలా ముఖ్యం, ఓ-రింగులకి కూడా వయసుంటుంది. ఎక్కువ వాడేవి నడుముకీ భుజానికీ మధ్య ఎత్తులో, బరువైనవి కింద, అరుదుగా వాడేవి పైన. ప్రతి డబ్బా మీద ఒక కార్డు. డబ్బాలో మొదటి పీసు తీసేటప్పుడే ఆ కార్డు తీసి పెట్టెలో వెయ్యాలి, ఖాళీ అయ్యాక కాదు. బండి తోసుకుంటూ ఒకాయన టైము ప్రకారం తిరుగుతుంటాడు, ఆయన్ని మిజుసుమాషి అంటారు, కార్డు తీసుకెళ్ళి తర్వాతి రౌండుకి నిండు డబ్బా తెస్తాడు. నేను బల్ల వదిలి నడిచే పని లేదు, ఇండెంట్ లేదు, సంతకం లేదు, తాళం లేదు. స్టోర్‌కి వెళ్ళి బతిమాలుకోవడం అనేది నా ఉద్యోగంలోంచే పోయింది, ఇది మాత్రం హాయి, అబద్ధం ఎందుకు.

కార్డులు ఎన్ని ఉండాలనేది కూడా గాల్లో లెక్క కాదు. రోజుకి 800 ఓ-రింగులు వాడతాం అనుకోండి, డబ్బాకి 100, కార్డు వేసిన దగ్గర్నుంచి సరుకు వచ్చేదాకా సగం రోజు, అంటే ఆ లోపు 400 అయిపోతాయి, కాబట్టి 4 కార్డులు, జాగ్రత్తకి ఇంకోటి, మొత్తం 5. అంతకన్నా డబ్బా కావాలంటే ఆరో కార్డు ఎవరో ఒకరు ఒప్పుకుని ఇవ్వాలి. ఈ కార్డుల పద్ధతి తెచ్చిన తైచి ఓనో అనే టయోటా ఇంజనీరుకి ఈ ఆలోచన అమెరికా సూపర్ మార్కెట్ల వల్ల వచ్చిందంట, జనం తీసుకున్నంతే మళ్ళీ అరలో నింపుతారు కదా, అలా. 1953లో తన మెషిన్ షాపులో మొదలెట్టేసాడు, 1956లో అమెరికా వెళ్ళినప్పుడు కార్ల ఫ్యాక్టరీలు చూసి వచ్చినా ఆయనకి బాగా పట్టింది మాత్రం ఆ సూపర్ మార్కెట్లే.

ఇంత బాగుంటే మళ్ళీ డబ్బా ఎందుకు పెట్టావ్ అంటారు. అలవాటు కొంత. కానీ సోమవారం పొద్దున మొదటి రౌండు నా బల్లకి లేటుగా వచ్చేది, ఒకటి రెండు సార్లు చేతులు కట్టుకుని నిలబడ్డా, పని ఆగిందని పైన లైటు వెలిగి అందరూ నా వైపు చూడటం నాకు నచ్చలేదు, అందుకని పెట్టా.

లాట్ నంబర్ విషయంలో మాత్రం హన్‌చో దగ్గర నాకు జవాబు లేదు. మా పక్క బల్ల వియత్నాం అబ్బాయికి జపనీస్ బాగా వచ్చు, వాడితో చెప్పించుకున్నా. నల్ల నైట్రైల్ ఓ-రింగూ నల్ల ఫ్లోరో రబ్బరు ఓ-రింగూ చేతిలో పెడితే ఒకేలా ఉంటాయి, వేడి నూనెలో నైట్రైల్ గట్టిపడిపోతుంది, అవతలిది తట్టుకుంటుంది. ఎం8 బోల్టులో 1.25 పిచ్ ఉంది, 1.0 పిచ్ ఉంది, పిచ్ అంటే మర చుట్ల మధ్య దూరం, మొదటి చుట్టు ఎక్కినట్టే ఉంటుంది తర్వాత మర తినేస్తుంది. డబ్బాలో అన్నీ కలిసిపోయాక ఏది ఏదో ఎవరు చెప్తారు? రేపు ఏదో ఒక లాట్‌లో లోపముంది వెనక్కి తెప్పించండి అని కబురొస్తే, ఆ లాట్ పీసులు ఫలానా రోజు ఫలానా వాల్వుల్లోకి వెళ్ళాయని కాగితం చెప్పాలి, నా డబ్బాలోంచి వెళ్ళిన పీసు సంగతి ఏ కాగితంలోనూ ఉండదు. ఒక ఓ-రింగు ఖరీదు కొన్ని యెన్‌లు, అది ఎందులోకి వెళ్ళిందో తెలీకపోతే ఆ వారం వాల్వులన్నీ వెనక్కి పిలవాలి. అందుకే కొత్తవైనా పారేసాడంట. సరే, ఈ పాయింటు ఆయనకి ఇచ్చేసా.

కానీ నా పాయింటు కూడా వినండి. మా షెడ్డు వెనక గోడౌన్ ఉంది, అందులో తయారైన వాల్వులు ప్యాలెట్ల మీద పైకప్పు దాకా. ఎందుకయ్యా అంటే పై కంపెనీ నుంచి ఎప్పుడు ఎన్ని కార్డులొస్తాయో, అడిగిన గంటకి ఇవ్వలేకపోతే వాళ్ళ లైన్ ఆగుతుంది, అందుకని. అంటే మా ఓనరు కూడా భయానికి డబ్బా పెట్టుకున్నాడు, కాకపోతే ఆయన డబ్బాకి తలుపు, ఫోర్క్‌లిఫ్టు ఉన్నాయి! పెద్దవాళ్ళు మా దగ్గర సరుకే లేదని గర్వంగా చెప్పుకునేది మాలాంటి చిన్నవాళ్ళ గోడౌన్లలోనూ, రోడ్డు మీద లారీల్లోనూ ఉంటుంది.

అంతెందుకు, 1997 ఫిబ్రవరి 1న ఇక్కడికి దగ్గర్లోనే, కరియాలో టయోటాకి పార్టులు చేసే ఐసిన్ వాళ్ళ ప్లాంటు తగలబడింది. బ్రేకుల్లో వాడే చిన్న వాల్వు, అరచేతిలో పట్టేది, టయోటాకి దాదాపు అంతా అక్కడి నుంచే వెళ్ళేది, వాళ్ళ దగ్గర చూస్తే గంటల లెక్కలో సరుకు. కార్ల లైన్లు వరసగా ఆగిపోయాయి. అప్పుడు చుట్టుపక్కల కంపెనీలు, కుట్టు మెషిన్లు చేసే బ్రదర్ వాళ్ళతో సహా, డ్రాయింగులు తీసుకుని తమ మెషిన్ల మీద ఆ వాల్వులు కోసి ఇచ్చారు, వారం పది రోజుల్లో మళ్ళీ బండి పట్టాలెక్కింది. ఈ కథ ఇక్కడ అందరూ గొప్పగా చెప్తారు, నిజంగా గొప్పే. 2011 భూకంపంలో చిప్పులు చేసే ప్లాంటు దెబ్బతిన్నాక మాత్రం టయోటా కూడా చిప్పుల వాళ్ళని 2 నుంచి 6 నెలల సరుకు దగ్గర పెట్టుకోమంది, 2021లో ప్రపంచమంతా చిప్పుల్లేక అల్లాడినప్పుడు మొదట్లో వాళ్ళని కాపాడింది ఆ దాచిపెట్టిన సరుకే. అంటే అవసరమైతే వాళ్ళూ దాస్తారు, కాకపోతే ఏది దాచాలో, ఎంతో, ఎవరి దగ్గరో రాసుకుని దాస్తారు.

జీడిమెట్లలో మా బాబాయి స్టోర్ కీపర్‌గా చేసి రిటైరయ్యాడు, ఆదివారం ఫోన్‌లో ఇదంతా చెప్పా. ఆయన నవ్వాడు. "ఒరేయ్, కార్డులు నేనూ ముద్రించగలను, ఆ కార్డు చూసి సరుకు పంపేవాడేడి? వాడికి మూడు నెలల బిల్లు మనమే బాకీ" అన్నాడు. చిన్న కంపెనీలకి 45 రోజుల్లో డబ్బులివ్వాలని 2006 నుంచి చట్టం ఉందిలే, ఆ చట్టం పేరెత్తిన సప్లయర్‌కి తర్వాత ఆర్డరు రాదు అన్నాడు. పైగా 2017లో జీఎస్టీ వచ్చేదాకా రాష్ట్రం బోర్డరు దగ్గర చెక్‌పోస్టులో లారీ ఎంతసేపు ఆగుతుందో డ్రైవరుకే తెలిసేది కాదు, సగం రోజు లెక్కేసి 5 కార్డులు పెట్టుకుంటే ఏం లాభం, యాభై పెట్టుకోవాల్సి వచ్చేది. నాకు ఈ మాట బాగా నచ్చింది, వియత్నాం అబ్బాయికి కూడా చెప్పా, వాళ్ళ ఊళ్ళోనూ ఇంతేనంట.

వాడి చేతే సోమవారం సంగతి హన్‌చోకి చెప్పించా, ఒక కార్డు ఎక్కువ ఇస్తే చాలు అని. ఆయన కార్డు ఇవ్వలేదు. సోమవారం పొద్దున్నే స్టాప్‌వాచ్ పట్టుకుని నా వెనక వచ్చి నిలబడ్డాడు, తర్వాత బండి వెనక నడిచాడు. తేలిందేంటంటే సెలవు తర్వాత ఆ బండి ముందు పక్క లైన్‌కి వెళ్ళి అక్కడ ఖాళీ ట్రేలు ఎత్తుకుని నా దగ్గరికి వస్తోంది. సోమవారాల్లో రౌండు నా బల్ల దగ్గర మొదలయ్యేట్టు మార్చాడు, నేల మీద బాణం గుర్తు కొత్తగా అంటించాడు, నాకు వంగి దండం పెట్టి థాంక్స్ కూడా చెప్పాడు, చెప్పినందుకు. ఇదే మాట ముందు అడిగి ఉంటే నా సామాను ఆ ఎర్ర డబ్బాలో పడేది కాదు కదా అని నాకు ఇప్పటికీ ఉంది.

స్ప్రింగుల సంగతి ఇంకా తేలలేదు. శుక్రవారం షిఫ్టు చివర్లో అవి తక్కువ పడుతున్నాయి. ఎప్పుడెప్పుడు తక్కువ పడ్డాయో టైము వేసి కాగితం మీద రాస్తున్నా, ఇంకొన్ని వారాలు రాసి హన్‌చోకి ఇస్తా. రాస్తే రాసావులే, ఓ నాలుగు జేబులో కూడా వేసుకో అంటున్నాడు బాబాయి.