పాలిటీ: ప్రతి ఆర్టికల్‌కూ వేయాల్సిన రెండు ప్రశ్నలు

పాలిటీ ఎలా చదివారక్కా అని గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు తరచూ అడుగుతున్నారు. నాది డిగ్రీలో బీజెడ్‌సీ. పదో తరగతి సోషల్ తర్వాత మళ్లీ రాజ్యాంగం జోలికి వెళ్లింది ప్రిపరేషన్ మొదలుపెట్టాకే. అలాంటి నాకు గ్రూప్-2లో బాగా కలిసొచ్చిన సబ్జెక్టు పాలిటీయే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

బిట్ బ్యాంకులు, షార్ట్‌కట్ వీడియోలు ఆర్టికల్ నంబర్లు గుర్తుండటానికి పనికొస్తాయి, కాదనను. కానీ నేను రాసిన పేపర్లలో నేరుగా నంబర్ అడిగినవి తక్కువ. మూడు నాలుగు స్టేట్‌మెంట్లు ఇచ్చి "వీటిలో సరైనవి ఏవి" అన్నవే ఎక్కువ. ఆ ఆర్టికల్‌ను అలా ఎందుకు రాశారో తెలియనివాళ్లు అక్కడ రెండు ఆప్షన్ల మధ్య ఊగిసలాడుతూ ఉండిపోతారు.

నేను ప్రతి ఆర్టికల్‌కూ రెండు ప్రశ్నలు వేసుకునేదాన్ని. ఇక్కడ అధికారం ఎవరిది? దానికి పగ్గం ఎవరి చేతిలో ఉంది? నోట్‌బుక్‌లో పేజీ మధ్యన నిలువుగా గీత గీసి, ఎడమవైపు మొదటి జవాబు, కుడివైపు రెండో జవాబు. అంతే. పార్లమెంటరీ విధానం, సమాఖ్య, ప్రాథమిక హక్కులు, న్యాయసమీక్ష అని సిలబస్‌లో విడివిడి చాప్టర్లుగా కనిపించేవన్నీ ఆ గీతకు అటో ఇటో సర్దుకుంటాయి. ప్రజలే ప్రభుత్వాన్ని ఎన్నుకోవాలి, ఎన్నికైన ప్రభుత్వానికి కూడా హద్దులుండాలి. మన రాజ్యాంగానికి పునాది ఈ రెండూ అనే నేను గట్టిగా నమ్ముతాను.

అందరినీ తికమక పెట్టే అత్యవసర పరిస్థితులనే తీసుకోండి. 352 (జాతీయ ఎమర్జెన్సీ)కి నెలలోపు పార్లమెంటు ఆమోదం, 356 (రాష్ట్రపతి పాలన)కి, 360 (ఆర్థిక ఎమర్జెన్సీ)కి రెండు నెలలు. 352కి ప్రత్యేక మెజారిటీ, మిగతావాటికి సాధారణ మెజారిటీ. రీడింగ్ రూమ్‌లో పక్కనున్నవాళ్లు దీన్ని పాటలా కట్టుకుని వల్లె వేసేవాళ్లు. నేను 1975 జూన్ 25 రాత్రి నుంచి మొదలుపెట్టాను. ఆ రాత్రి ప్రధాని సలహా మీద రాష్ట్రపతి సంతకం చేశారు, కేబినెట్‌కి తెలిసింది మర్నాడు ఉదయం. అందుకే 44వ సవరణ (1978) కేబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా ఉంటేనే రాష్ట్రపతి ప్రకటన చేయాలంది. అప్పుడు చూపించిన కారణం "అంతర్గత కల్లోలం". ఆ మాటలో ఏదైనా ఇమిడిపోతుంది కాబట్టి దాన్ని తీసేసి "సాయుధ తిరుగుబాటు" అని పెట్టారు. రెండు నెలల గడువును నెలకు కుదించారు, ప్రత్యేక మెజారిటీ పెట్టారు, ఆరు నెలలకోసారి మళ్లీ ఆమోదం తెచ్చుకోమన్నారు. ఎమర్జెన్సీలో మనిషిని అక్రమంగా నిర్బంధించినా కోర్టుకు వెళ్లే హక్కు లేదని 1976లో ఏడీఎం జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దానికి జవాబుగా 20 (నేరారోపణల్లో రక్షణ), 21 (జీవించే హక్కు, వ్యక్తిగత స్వేచ్ఛ) ఆర్టికల్స్‌ను ఎమర్జెన్సీలో కూడా సస్పెండ్ చేయడానికి వీల్లేదని 359లో చేర్చారు. ఇన్ని బిట్లు ఒక్క రాత్రి చుట్టూ అల్లుకుని ఉన్నాయి. ఒకసారి ఇలా చదివాక నాకు వల్లె వేయాల్సిన పని పడలేదు.

ఇక మౌలిక స్వరూపం, అంటే సవరణతో కూడా చెరపకూడని రాజ్యాంగ మూల లక్షణాలు. దీనికి ఎంత టైమ్ ఇచ్చినా తక్కువే అంటాను. చాలామంది కేశవానంద భారతి కేసు, 1973, 13 మంది జడ్జీలు, 7-6 అని నాలుగు ముక్కలు రాసుకుని పేజీ తిప్పేస్తారు. దాన్ని పార్లమెంటుకూ సుప్రీంకోర్టుకూ మధ్య ముప్పై ఏళ్లు నడిచిన వాదనగా చదవండి. రాజ్యాంగాన్ని సవరించే అధికారం పార్లమెంటుది (368). మరి దానికి పగ్గం? 1951లో శంకరీ ప్రసాద్ కేసులో, 1965లో సజ్జన్ సింగ్ కేసులో కోర్టు ఏ పగ్గమూ లేదంది. 1967లో గోలక్‌నాథ్ కేసులో 6-5 మెజారిటీతో మాట మార్చి, ప్రాథమిక హక్కులను తగ్గించే సవరణ చేయడానికి పార్లమెంటుకు అధికారం లేదంది. ఆ ప్రధాన తీర్పు రాసిన చీఫ్ జస్టిస్ కోకా సుబ్బారావు మన తెలుగువారు. అదే ఏడాది పదవికి రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికలో జాకీర్ హుస్సేన్‌పై పోటీ చేసిందీ ఆయనే.

పార్లమెంటు ఊరుకోలేదు. 1971లో 24వ సవరణ తెచ్చి, రాజ్యాంగంలో ఏ భాగాన్నైనా సవరించవచ్చని రాసుకుంది. అప్పుడొచ్చింది కేశవానంద. కేరళ కాసరగోడ్ దగ్గర ఎడనీరు మఠాధిపతి, భూసంస్కరణల చట్టం మీద వేసిన కేసు అది. 68 రోజుల విచారణ తర్వాత 1973 ఏప్రిల్ 24న వచ్చిన తీర్పులో కోర్టు 24వ సవరణను కొట్టేయలేదు. గోలక్‌నాథ్‌నే పక్కనపెట్టింది. స్టేట్‌మెంట్ ప్రశ్నల్లో ఎక్కువమంది జారిపడేది ఇక్కడే, గమనించండి. ప్రాథమిక హక్కులతో సహా దేన్నైనా సవరించుకోవచ్చు, కానీ రాజ్యాంగం మౌలిక స్వరూపాన్ని మాత్రం చెరపకూడదు అన్నది తీర్పు. ఈ మెజారిటీ తీర్పు ఇచ్చిన ఏడుగురిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చీఫ్ జస్టిస్‌గా పనిచేసి వెళ్లిన పి.జగన్మోహన్ రెడ్డి ఉన్నారు.

మూడేళ్లు తిరగకుండానే ఈ సూత్రానికి పరీక్ష వచ్చింది. ప్రధాని ఎన్నికను కోర్టుల పరిధి నుంచి తప్పిస్తూ 39వ సవరణ చేశారు. ఎమర్జెన్సీ నడుస్తుండగానే, 1975 నవంబర్‌లో, సుప్రీంకోర్టు అందులోని ఆ భాగాన్ని కొట్టేసింది. తర్వాత 42వ సవరణ, సవరణాధికారానికి ఏ పరిమితీ లేదని 368లోనే రాసింది. 1980లో మినర్వా మిల్స్ కేసు దాన్నీ తీసేసింది. ఆ తీర్పులో తర్కం చాలా నిటారుగా ఉంటుంది: పార్లమెంటుకు రాజ్యాంగం ఇచ్చిందే పరిమిత అధికారం, ఆ పరిమిత అధికారాన్ని వాడి పరిమితినే చెరిపేసుకోవడం కుదరదు. మెయిన్స్ ఆన్సర్‌లో ఈ ఒక్క వాక్యం మీ సొంత మాటల్లో రాయగలిగితే సబ్జెక్టు మీకు అర్థమైందని దిద్దేవాళ్లకు తెలిసిపోతుంది.

మౌలిక స్వరూపం మీద ప్రశ్న వస్తే అందరూ కేశవానందతో మొదలుపెట్టి 2015 నాటి ఎన్‌జేఏసీ (జడ్జీల నియామక కమిషన్) తీర్పుతో ముగిస్తారు. మీరు 371డి (స్థానికులకు ఉద్యోగాలు, చదువుల్లో అవకాశాల కోసం మన రాష్ట్రాలకున్న ప్రత్యేక ఆర్టికల్) కూడా రాయండి. ముల్కీ నిబంధనలు, 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర, 1973 ఆరు సూత్రాల పథకం, ఇదంతా మనం చరిత్రలో చదివేదే. ఆ పథకం నుంచి 32వ సవరణ ద్వారా పుట్టింది 371డి. దీన్ని జోన్లు, లోకల్ కేడర్ల వరకే చదివి వదిలేస్తారు. ఐదో క్లాజ్ ఒకసారి తెరిచి చూడండి. ఉద్యోగుల వివాదాల మీద అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ ఆర్డర్ ఇస్తే, అది అమల్లోకి రాకముందే కారణాలు రాసి మార్చే, రద్దు చేసే వీలును రాష్ట్ర ప్రభుత్వానికే ఇచ్చారు. ట్రిబ్యునల్ ముందు ప్రతివాదిగా నిలబడేది ఆ ప్రభుత్వమే! నా నోట్‌బుక్‌లో దీనికి కుడివైపు ఖాళీగా మిగిలిపోయింది. ఓడిపోయిన పార్టీయే తీర్పును కొట్టేసుకోగలిగితే ఇక చట్టబద్ధ పాలన ఎక్కడుంది? సాంబమూర్తి వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ (1987) కేసులో సుప్రీంకోర్టు ఇదే మాట చెప్పి, ఆ క్లాజ్ మౌలిక స్వరూపానికి విరుద్ధమని కొట్టేసింది. కేశవానంద సూత్రం మన గడ్డ మీది ఒక నిబంధనకు వర్తించిన సందర్భం ఇది. మెటీరియల్స్‌లో అరుదుగా కనిపిస్తుంది. మన రాష్ట్రాల అభ్యర్థులు దీన్ని వదులుకోకూడదు.

సమాఖ్య విషయానికొస్తే ఆర్టికల్ 3 చాలు. కొత్త రాష్ట్రం ఏర్పాటు చేసే అధికారం పార్లమెంటుది. బిల్లుకు రాష్ట్రపతి సిఫార్సు ఉండాలి, సంబంధిత రాష్ట్ర శాసనసభకు అభిప్రాయం కోసం పంపాలి. అభిప్రాయం మాత్రమే, అంగీకారం అక్కర్లేదు. 2014 జనవరి 30న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరిస్తూ మూజువాణి ఓటుతో తీర్మానం చేసింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ బిల్లును ఆమోదించాయి. జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. ఇంకో స్టేట్‌మెంట్ కూడా ఇస్తారు: ఇది 368 కింద సవరణ అని. కాదు, ఆర్టికల్ 4 చూడండి, సాధారణ మెజారిటీ సరిపోతుంది. ఎవరి రాజకీయ అభిప్రాయం ఏదైనా, కేంద్రం వైపు మొగ్గిన మన సమాఖ్యకు ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ లేదు.

గవర్నర్ చాప్టర్‌కి మన దగ్గర ఉన్న ఉదాహరణ దేశంలో ఎవరికీ లేదనిపిస్తుంది. 164(1) ప్రకారం మంత్రులు గవర్నర్ ఇష్టం ఉన్నంతవరకు పదవిలో ఉంటారు. 164(2) ప్రకారం మంత్రిమండలి శాసనసభకు సమష్టిగా బాధ్యత వహిస్తుంది. రెండూ ఢీకొంటే ఏమవుతుందో 1984 ఆగస్టు 16న తెలిసింది. గవర్నర్ రామ్‌లాల్, ఎన్టీఆర్‌కు సభలో బలం నిరూపించుకునే అవకాశం ఇవ్వకుండానే ఆయన్ను తొలగించి నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. సరిగ్గా నెలకు, సెప్టెంబర్ 16న, ఎన్టీఆర్ తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, ఆ నెల రోజులు కళ్లకు కట్టినట్టు చెబుతారు. మా నాన్న చెప్పిన తర్వాత నాకు 164 మళ్లీ మర్చిపోవడం అనేది లేదు. పదేళ్లకు, 1994లో, ఎస్.ఆర్.బొమ్మై కేసులో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం మెజారిటీ తేలాల్సింది సభలోనే, రాజ్‌భవన్‌లో కాదని తేల్చింది. 356 దుర్వినియోగం, లౌకికతత్వం మౌలిక స్వరూపంలో భాగం కావడం, ఇవీ ఆ తీర్పులోనే వస్తాయి.

ప్రవేశిక, మూలాలు, షెడ్యూళ్లు మామూలుగా చదివితే సరిపోతాయి. వాటి మీద వారాలు గడపొద్దు. దానికి బదులు ఆర్టికల్ అసలు పాఠం చదవండి, తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో. మొదట్లో విసుగొస్తుంది. "వచ్చును", "వలెను", "తప్ప" లాంటి చిన్న మాటల దగ్గర ఆగి చదవడం అలవాటైతే స్టేట్‌మెంట్ ప్రశ్నలంటే టెన్షన్ పోతుంది. కేసులను పేర్ల లిస్టుగా కాకుండా, ఏ అధికారం మీద గొడవ, కోర్టు ఏ పగ్గం వేసింది అని రెండు లైన్లలో రాసుకోండి. సాయంత్రం టీకి వెళ్లినప్పుడు ఫ్రెండ్స్‌లో ఒకరు ప్రభుత్వం తరఫున, ఒకరు పిటిషనర్ తరఫున వాదించండి. మేము చిక్కడపల్లి లైబ్రరీ బయట చేసింది ఇదే. మెయిన్స్‌లో పాయింట్లు వాటంతట అవే వచ్చేవి.

ఈ పద్ధతి మీకు కుదురుతుందో లేదో చూసుకోవడానికి ఈ రాత్రికే 315 నుంచి 323 వరకు చదవండి. మన పరీక్షలు పెట్టే కమిషన్ గురించిన ఆర్టికల్స్ అవి. రాష్ట్ర సర్వీస్ కమిషన్ ఛైర్మన్‌ను, సభ్యులను నియమించేది గవర్నర్. తొలగించాలంటే మాత్రం గవర్నర్‌కు అధికారం లేదు, రాష్ట్రపతికే ఉంది. దుష్ప్రవర్తన ఆరోపణ అయితే అంతకుముందు సుప్రీంకోర్టు విచారణ జరగాలి. ఎడమవైపు ఏం రాయాలో నేను చెప్పేశాను. కుడివైపు ఎందుకిలా పెట్టారో మీరు రాసి చూడండి.