అణషఠి

"పన్నెండుకి గుణనీయక రాయమన్నారమ్మా" అంది పాప. నాకు ఒడియా కూడబలుక్కుని చదవడం తప్ప పెద్దగా రాదు. 'గుణ' అని చెవిన పడగానే గుణిజాలే అనుకున్నాను. 12, 24, 36 అంటూ 120 దాకా దగ్గరుండి రాయించాను. మర్నాడు పేజీ నిండా ఎర్ర సిరా. గుణనీయక అంటే కారణాంకమట, గుణిజాన్ని గుణితక అంటారట. రాయవలసినవి ఆరే: 1, 2, 3, 4, 6, 12. గుణిజాలకైతే అంతు ఉండదు, రాయించిన కొద్దీ వస్తూనే ఉంటాయి.

"నువ్వు చెప్పావనే రాశాను" అని మూతి ముడుచుకుంది.

మేం రాయగడ వచ్చి ఆరేళ్లయింది. మాది బొబ్బిలి. పొద్దున్న రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటాం. దీన్ని ప్రవాసం అంటే అమెరికాలో ఉన్న మా ఆడపడుచు నవ్వుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ఊరూ మా ఊరూ ఒకే విశాఖపట్నం జిల్లా. బజారులో ఇప్పటికీ తెలుగుతో బేరమాడొచ్చు. బడి మాత్రం ఒడియా. అందుకే ఇంట్లో ఎక్కాలు తెలుగులోనే అని పట్టుబట్టాను. బడిలో పణికియా, ఇంట్లో ఎక్కం. పాపకి ఏ ఇబ్బందీ లేదు, టెన్షనంతా నాదే.

ఆ ఎర్ర సిరా చూశాక, వామనగుంటల కోసం దాచిన చింతగింజల డబ్బా కిందికి దించాను. పన్నెండు గింజలు లెక్కపెట్టి, వరసలన్నీ సమానంగా ఉండేట్టు పేర్చమన్నాను. ఆరేసి రెండు వరసలు, నాలుగేసి మూడు వరసలు. ఐదేసి పేర్చబోతే రెండు గింజలు మిగిలాయి, కాబట్టి ఐదు కారణాంకం కాదు. అప్పుడు ఇంకో గింజ కలిపాను. రెండేసి పేర్చింది, మూడేసి పేర్చింది, నాలుగేసి, ఐదేసి, ఆరేసి పేర్చింది. ఎలా పేర్చినా ఏదో ఒకటి మిగులుతూనే ఉంది. చివరికి పదమూడూ ఒకటే పొడుగాటి వరసగా గుమ్మం దాకా వెళ్లాయి.

"మౌళిక సంఖ్య" అంది పాప.

"ప్రధాన సంఖ్య" అన్నాను నేను.

"మరి ఒక్క గింజే ఉంటే?"

ప్రధాన సంఖ్యకి కారణాంకాలు సరిగ్గా రెండుండాలి: ఒకటీ, తనూ. ఒకటికి ఆ రెండూ ఒకటే అయిపోయాయి, అందుకని అది ఎందులోకీ రాదు. పాపకి ఇది అన్యాయంగా తోచింది.

తర్వాతి లెక్క 59. అన్ని గింజలు పేర్చే ఓపిక ఎవరికీ లేదు. ఏడు దాకా భాగించి చూస్తే చాలని చెప్పాను. ఎనిమిదెనిమిదులు అరవై నాలుగు, దాటిపోయింది. పెద్ద కారణాంకం ఏదైనా ఉంటే దాని జత అంతకు ముందే చిన్న అంకెల్లో దొరికిపోవాలి. నేను కాగితం తీసేలోపే, పెన్సిలు ముట్టుకోకుండా "మౌళిక" అనేసింది.

"ఎలా చెప్పావే?"

"అణషఠి కదమ్మా! అరవైకి ఒకటి తక్కువ. అరవై ఏమో రెంటితో, మూడుతో, ఐదుతో పోతుంది కదా, ఒకటి తగ్గితే ఇంక వాటితో పోదు. ఏడొక్కటే చూడాలి. ఏడెనిమిదులు యాభై ఆరు, మూడు మిగిలింది."

ఎక్కం మాత్రం తెలుగులోనే అంది. నేను గమనించనట్టు ఊరుకున్నాను.

ఒడియాలో 29 అణతిరిశ, 89 అణానబే. ముప్ఫైకి ఒకటి తక్కువ, తొంభైకి ఒకటి తక్కువ. మన పంతుళ్ల ఏకోనవింశతి (ఇరవైకి ఒకటి తక్కువ, 19) లాంటివే. ఇన్నేళ్లుగా యాభై తొమ్మిది అంటూనే ఉన్నా, పక్కనే ఉన్న అరవై నాకెప్పుడూ కనబడలేదు. ఈ కిటుకు అన్నిచోట్లా పారదులెండి. 40 ఎటూ మూడుతో పోదు కాబట్టి, దానికి ఒకటి తక్కువైన 39ని మూడుతో విడిగా చూసుకోవాలి. చూస్తే మూడు పదమూళ్లు.

ఆ ఊపులో 91 సంగతి నేనే తేల్చేశాను. సరిసంఖ్య కాదు, అంకెలు కూడితే పది కాబట్టి మూడుతో పోదు, చివర సున్నా లేదు, ఐదూ లేదు. ప్రధాన సంఖ్యే, రాసెయ్ అన్నాను. రాత్రి పాప ఫోనులో తాతయ్యకి ఆ లెక్కలన్నీ ఒప్పజెబుతోంది. 91 దగ్గరికి రాగానే అవతల్నించి నాన్న అడ్డు తగిలారు.

"పదమూడేడ్లు ఎంతే?"

పాప వేళ్ల మీద లెక్కపెట్టుకుని, ఫోను చేత్తో మూసి నా వైపు తిరిగింది.

"అమ్మా, నువ్వు నాకు పన్నెండో ఎక్కం దగ్గరే ఎందుకాపేశావు?"