సుంకేసుల ఒడ్డున చేప కోత

గొంతులో ముల్లు ఇరుక్కున్న రోజు నుంచి మా పాప చేప ముట్టడం లేదు. డిసెంబరులో పెళ్లికని కర్నూలు వెళ్లినవాణ్ణి, మర్నాడు తెల్లారేసరికి సుంకేసుల చేరాను. ముల్లు లేకుండా కోయడం నేర్చుకోవాలి.

తుంగభద్ర మీద 1.2 టీఎంసీల చిన్న జలాశయం అది. కేసీ (కర్నూలు-కడప) కాలువ మొదలయ్యేది అక్కడే. మంచులోంచి పుట్టీలు, అంటే గుండ్రటి తెప్పలు, ఒక్కొక్కటే ఒడ్డుకొస్తున్నాయి. ఇంకా కొట్టుకుంటున్న రెండు కిలోల శీలావతి కొన్నాను. పట్నాల్లో రోహు అనేది దీన్నే. కత్తిపీట ముందు కూర్చున్న పెద్దమ్మను, "నేనే కోస్తా, పక్కనుండి చెప్తావా?" అని అడిగితే, "కూర్చో నాయనా" అని చాకు చేతికిచ్చింది.

పొలుసు తోకనుంచి తలవైపు గీకడం సులువే. పొట్ట చీల్చేటప్పుడు మొన లోతుగా దిగి, పచ్చటి చుక్క కారింది. "చేదు పగిలె!" అని పెద్దమ్మ చేప లాక్కుంది. రంగంటిన కండ గీరేసి, రాళ్లుప్పు రుద్ది, మూడు నీళ్లు పోసింది. కాలేయాన్ని అంటుకుని ఉండే ఆ చిన్న పిత్తపు తిత్తి పగిలిందంటే కూరంతా చేదే.

తర్వాతిది అసలు పని. మొప్ప వెనక నడుం ముల్లు తగిలేదాకా కోసి, చాకును పడుకోబెట్టి, ముల్లుకు ఆనించే తోకదాకా లాగాలి. "చప్పుడు ఇను" అంది పెద్దమ్మ. ఎముక మీద పోతుంటే టిక్ టిక్‌మని సన్నగా వినిపిస్తుంది. అది ఆగిందంటే చాకు కండలోకి దిగినట్టు. మొదటి వైపు సగం కండ ముల్లుకే ఉండిపోయింది. రెండో వైపు వింటూ కోశాను. మూరెడు కండ ఒక్కటిగా విడివడి చేతిలోకొచ్చింది!

అయినా ముల్లు పోలేదు. వీపువైపు తడిమితే వేలికి గుచ్చుకుంటున్నాయి, కొసన రెండు పాయలుగా చీలిన సన్నటి ముళ్లు. అవి కండలోనే పుడతాయి, పీకితే కండ చెదిరిపోతుంది. చర్మం తెగకుండా దగ్గరదగ్గరగా గాట్లు పెట్టి, "నూనెలో బాగా కాల్చు, కరకరలాడతాయి. పాపకైతే కొర్రమీను కొనాల, దాంట్లో ఇవుండవు" అంది. తల, వెన్నుముల్లు పులుసుకని విడిగా కట్టిచ్చింది.

ఐసు పెట్టెలో అనంతపురం తెచ్చి, ఆ రాత్రే వేయించాను. పాపకు పొట్టవైపు కండ మాత్రమే, ప్రతి ముక్కా వేళ్లతో తడిమి పెట్టాను. రెండు తింది. పులుసు గిన్నెవైపు మాత్రం ఇంకా చూడలేదు.