పొట్టతోలు, వీపుతోలు

తోలు బెల్టు కుట్టడానికి చిన్న కుక్క మెడ కొలవాలంటే ముందు దాని బొచ్చు పక్కకి తొయ్యాలి. యార్క్‌షైర్ టెర్రియర్ అనే జాతి ఉంది. బొచ్చు నేలదాకా వేలాడుతుంది, చూసేవాళ్ళకి బొద్దుగా కనిపిస్తుంది. వేళ్ళు లోపలికి పోనిస్తే ఆ మెడ నా మణికట్టు కంటే కాస్త లావు, అంతే. మూడు కిలోల ప్రాణి. టేపు చుట్టి, టేపుకీ మెడకీ మధ్య నా రెండు వేళ్ళు పట్టేలా చూసుకుని, ఆ అంకె చీటీ మీద రాసుకుంటాను. మరీ చిన్నదైతే ఒక్క వేలే.

ఈ పని నేను ఇంగ్లండులో వాల్సాల్ అనే ఊళ్ళో చేస్తున్నాను. మాది రాజాం దగ్గర పల్లె. నేను బయల్దేరినప్పుడు అది శ్రీకాకుళం జిల్లా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక విజయనగరం జిల్లాలోకి వెళ్ళింది. మీదే జిల్లా అని ఎవరైనా అడిగితే నా నోట ఇప్పటికీ శ్రీకాకుళమనే వస్తుంది.

మా ఆవిడ నర్సు. ఇక్కడి ఆసుపత్రిలో ఆమెకి ఉద్యోగం వచ్చింది. 2021 చివర్లో డిపెండెంట్ వీసా మీద ఆమెతో నేనూ వచ్చాను. చదివింది బీకామ్, దొరికింది గోడౌన్‌లో నైట్ డ్యూటీ. రాత్రంతా ట్రాలీ తోసుకుంటూ అట్టపెట్టెలు తియ్యడం, పెట్టడం. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పొద్దున్నే నడుచుకుంటూ ఇంటికొచ్చే దారిలో ఒక పాత ఇటుకల భవనం ఉండేది. ఒకరోజు దాని తలుపు తెరిచి ఉంది. లోపల్నించి వాసన వచ్చింది. నేను రోడ్డు మీదే ఆగిపోయాను. అది మా తాత వాసన.

తాత పోయి అప్పటికి పదిహేనేళ్ళు. మేం మాదిగలం. తాత తోలు పని చేసేవాడు. ఎడ్లకి మువ్వల పట్టెడలు, కిర్రు చెప్పులు, ములుకోల చివర వార్లు, అన్నీ ఆయన చేతి మీదే. లందలో సున్నం నీళ్ళు, తర్వాత తంగేడు చెక్క, కరక్కాయ పొడి కలిపిన నీళ్ళు. అందులో తోలు రోజుల తరబడి నానేది. పచ్చి తోలుని అలా పదును చెయ్యడాన్నే ఊనడం అంటాం. రసాయనాలతో ఊనిన తోలుకి ఆ వాసన రాదు. క్రోమ్ పెట్టి ఊనిన తోలు ఒకటి రెండు రోజుల్లో తయారైపోతుంది, మెత్తగా ఉంటుంది. వాసన మాత్రం వేరు. చెట్ల బెరడుతో నిదానంగా ఊనిన తోలుకి ఏ దేశంలోనైనా అదే వాసన అని నాకు ఆ తలుపు దగ్గరే తెలిసింది.

వాల్సాల్ తోలు పనికి పేరుపడ్డ ఊరు. గుర్రాల జీనులు, కళ్ళేలు, వాటికి కావలసిన ఇనప సామాను, బకిల్స్ ఈ ఊళ్ళో వందల ఏళ్ళుగా తయారవుతున్నాయి. గుర్రపు బళ్ళు పోయాక చాలా వర్క్‌షాపులు మూతపడ్డాయి, కొన్ని నిలబడ్డాయి. పాత తోలు ఫ్యాక్టరీ ఒకదాన్ని లెదర్ మ్యూజియం చేశారు. సెలవు రోజున వెళ్ళి చూశాను. అద్దాల వెనక, తోలుకి బెజ్జాలు పొడిచే ఆరెలు వరసగా పెట్టి, కింద వాటి పేర్లు రాసి ఉన్నాయి. తోలు కోసే రంపె కూడా ఉంది, అర్ధచంద్రం ఆకారంలో. మా ఇంట్లో ఆ సామాను చుట్టాల కంటపడకుండా గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టేవాళ్ళం. ఇంకో సంగతి చెప్పాలి. ఈ ఊరి ఫుట్‌బాల్ జట్టుని అందరూ 'శాడ్లర్స్' అంటారు. జీనులు కుట్టేవాళ్ళు అని అర్థం. ఊరు ఊరంతా స్టేడియంలో నిలబడి తోలు పనివాళ్ళ పేరు పెట్టి అరుస్తుంటే విన్నాను. మా ఊళ్ళో మా పేరు తిట్టు కింద వాడేవాళ్ళు. ఆ రాత్రి మా ఆవిడకి ఈ మాట చెప్పబోతే గొంతు పూడుకుపోయింది.

ఆ ఇటుకల భవనంలో పని అడిగాను. డెబ్బై దాటిన పెద్దాయన, ఇంకో ముగ్గురు. చిన్న కుక్కలకి బెల్టులు, ఛాతీకి తొడిగే హార్నెస్‌లు చేతితో కుడతారు. తోలు పని వచ్చా అన్నాడు. చిన్నప్పుడు తాత పక్కన కూర్చునేవాణ్ణి అన్నాను. ఒక తుక్కుముక్క, దారం నా ముందు పెట్టాడు. తాత వాడే ఆరెకి చివర కొక్కెం ఉంటుంది. పొడిచి, కింద ఉన్న దారాన్ని ఆ కొక్కేనికి తగిలించి పైకి లాగుతాం. అలాంటి ఆరె అక్కడ లేదు. వాళ్ళు ఒకే దారానికి రెండు కొసల్లో రెండు సూదులు ఎక్కిస్తారు. నాకు చేతకాలేదు. అయినా నేను తోలు పట్టుకున్న తీరు చూసి ఉంటాడు, సోమవారం రమ్మన్నాడు.

ఆ కుట్టు నేర్చుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. వంపు తిరిగిన రెండు చెక్కల పటకారు లాంటిది ఉంటుంది. దాన్ని మోకాళ్ళ మధ్య బిగించి, పై మూతిలో తోలు పట్టిస్తాం. కుట్టాల్సిన పొడవుకి నాలుగింతల దారం తీసుకుని తేనెమైనం రుద్దుతాం. పళ్ళపళ్ళుగా ఉండే ఇనపముక్కని సుత్తితో కొట్టి గుర్తులు పెడతాం. అంగుళానికి ఎనిమిది, సన్న పనికి పది. ఒక్కో గుర్తు దగ్గర ఆరెతో పొడవాలి. ఆరె మొన పక్కవాటుగా దిగాలి, ప్రతిసారీ అదే వాటం. ఆరెని వెనక్కి తియ్యగానే, బెజ్జం మూసుకుపోకముందే ఎడంచేతి సూది ఇటు, కుడిచేతి సూది అటు ఒకే బెజ్జంలోంచి పోవాలి. ఒక సూది రెండోదాని దారాన్ని గుచ్చకూడదు. రెండు చేతులూ ఒకే బలంతో లాగాలి. మిషన్ కుట్టులో పైదారం, కిందదారం ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఒకచోట తెగితే వరస ఊడిపోతుంది. ఈ కుట్టులో ఒకటి తెగినా పక్కది నిలబడుతుంది, రెండో కొస ఇంకా అదే బెజ్జంలో ఉంటుంది కాబట్టి. కుక్క ప్రాణం ఆ కుట్టు మీద ఆధారపడి ఉంటుంది. అందుకే నాకు ఈ పని మీద అంత పట్టింపు.

పెద్ద కుక్కకి బెల్టు చెయ్యడం తేలిక. నాలుగు మిల్లీమీటర్ల దళసరి తోలు, బరువైన ఇత్తడి బకిల్, దానికేం పట్టదు. అదే చివావా అనే బుల్లి జాతి కుక్కకి వేస్తే తల ఎత్తలేదు. తోలుని రెండు మిల్లీమీటర్ల దాకా చీల్చాలి. బకిల్ దగ్గర మడత వస్తుంది కదా, అక్కడ ఇంకా పలచగా చెక్కాలి. లేకపోతే ముద్దలా తయారై గొంతుకి గుచ్చుకుంటుంది. బెజ్జాలు దగ్గర దగ్గరగా వెయ్యాలి. ఐదు బెజ్జాల్లో మధ్యది కొలతకి సరిపోవాలి. అంచులు గీకి, తడిపి, చెక్కతో అద్దంలా నునుపు తేలేదాకా రుద్దుతాను. ఒక్క బెల్టు అంచుల మీదే ముప్పావు గంట కూర్చున్న రోజులున్నాయి. బొచ్చు పొడుగ్గా ఉన్న కుక్కకి పట్టీలాంటి బెల్టు వేస్తే బొచ్చు చిక్కులు పడుతుంది. దానికి లోపల తాడు పెట్టి గుండ్రంగా చుట్టి కుడతాం.

అసలు చిన్న కుక్కల్ని మెడకి కట్టి లాగకూడదు. యార్క్‌షైర్‌కీ, చివావాకీ, పొమెరేనియన్‌కీ గాలిగొట్టం బలహీనం. దాన్ని తెరిచి ఉంచే మెత్తటి ఎముక రింగులు వదులై గొట్టం నొక్కుకుపోతుంది. అప్పుడు బాతు అరిచినట్టు దగ్గుతాయి. అందుకే డాక్టర్లు హార్నెస్ వెయ్యమంటారు. లాగినప్పుడు బలమంతా ఛాతీ మీద పడుతుంది. హార్నెస్ కొలత ఇంకా కష్టం. ముందుకాళ్ళ వెనక ఛాతీ ఎక్కడ ఎక్కువ లావో అక్కడ కొలవాలి. పట్టీ చంకకి తగలకుండా రెండు వేళ్ళు వెనక్కి ఉండాలి. భుజం కదలడానికి అడ్డు రాకూడదు. మరి బెల్టు దేనికండీ అని కొత్తవాళ్ళు అడుగుతారు. ఇక్కడ 1992 నుంచి ఒక చట్టం ఉంది. బయట తిరిగే కుక్క మెడకి యజమాని పేరు, అడ్రసు ఉన్న బెల్టు ఉండి తీరాలి. అందుకే పేరు చెక్కిన చిన్న ఇత్తడి రేకు కూడా నేనే బిగిస్తాను.

నేను చేసిన తప్పు ఒకటుంది. అది రాయకుండా ఈ పని గురించి రాసే హక్కు నాకు లేదు.

చేరిన ఏడో నెలలో ఒక ముసలావిడ తన యార్క్‌షైర్ కుక్కకి బెల్టు అడిగింది. ఒక్కతే ఉంటుంది. ఆ కుక్కే ఆమెకి తోడు. పెద్ద చర్మంలో పనికొచ్చేది అయిపోయి అంచు మిగిలింది. ముట్టుకుంటే మెత్తగా ఉంది, రంగు బాగా పట్టింది. ఇంత చిన్న బెల్టుకి ఇది చాలదా అనుకుని అందులోంచే కోశాను. కుట్టు బాగా వచ్చింది కూడా. రెండు నెలల తర్వాత ఆవిడ కుక్కని గుండెకి హత్తుకుని లోపలికొచ్చింది. చేతులు వణుకుతున్నాయి. బస్టాపు దగ్గర కుక్క దేనికో బెదిరి వెనక్కి గుంజితే బెల్టు తలమీంచి ఊడిపోయిందట. రోడ్డు మీదకి పరిగెత్తింది. కారతను బ్రేకు వేశాడు కాబట్టి బతికింది.

పెద్దాయన ఒక్క మాట అనలేదు. బెల్టు తీసుకుని రెండు చేతుల మధ్య లాగాడు. అది సాగింది. అది పొట్టతోలు.

పశువు పొట్ట దగ్గర తోలు పీచు వదులుగా ఉంటుంది, సాగుతుంది. వీపు మీద, నడుం మీద తోలుకి పీచు గట్టి. ఈ సంగతి నాకు ఏడేళ్ళప్పుడే తెలుసు. ఎండలో చర్మం పరిచి, బొగ్గుముక్కతో గీత గీసి తాత చెప్పాడు. "ఈ గీత కాడినుంచి ఇవతల పొట్టతోలురా నాయినా. పట్టెడకి పనికిరాదు, సాగిపోద్ది. ఎద్దు తప్పించుకుంటే బుగత మనల్నే అంటాడు." బుగత అంటే భూములున్న ఆసామి. ఆ మాట నా చెవిలో ఉండగానే నేను ఆ అంచు కోశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు వీపుతోలుతో కొత్త బెల్టు, దానికి జతగా హార్నెస్ కుట్టి, ఆవిడ ఇంటికి నేనే పట్టుకెళ్ళి ఇచ్చి క్షమించమని అడిగాను. ఆవిడ టీ ఇచ్చింది.

తాత పట్టెడలు ఊళ్ళో ఎంత అందంగా మోగేవో! కనుమనాడు ఎడ్లని కడిగి, కొమ్ములకి రంగు వేసి, ఆ పట్టెడలు కట్టి ఊరేగించేవాళ్ళు. పట్టెడ బుగత లోగిల్లోకి వెళ్ళేది. దాన్ని కుట్టిన తాత వీధిలో నిలబడేవాడు. పనికి కూలిగా ఇచ్చే మేర గింజలు దూరం నుంచి తువ్వాల్లో పోసేవాళ్ళు. మా అయ్య అది చూసి పెరిగాడు. అందుకే ఆరె ముట్టలేదు. జూట్ మిల్లులో చేరి, దుమ్ము పీలుస్తూ నన్ను చదివించాడు. నేనేమో ఏడు సముద్రాలు దాటి వచ్చి మళ్ళీ ఆరె పట్టుకున్నాను. ఆ మాట ఆయనకి చెప్పడానికి నాకు ఏడాదిపైన పట్టింది. "ఆఫీసు పని అయ్యా" అని దాటేస్తూ వచ్చాను. బర్మింగ్‌హామ్‌లో ఉగాది కార్యక్రమానికి వెళ్ళినప్పుడు లెదర్ వర్క్ అన్నాను. పక్కనున్నాయన "ఓ, లెదర్ ఎక్స్‌పోర్టా" అని, ఒక్క క్షణం ఆగి "మీ ఇంటిపేరేంటండీ?" అన్నాడు. చెప్పాను. తర్వాత ప్లేటు పట్టుకుని ఇంకో టేబులుకి వెళ్ళిపోయాడు.

పెద్దాయన ఒకసారి పాత రోజుల గురించి చెబుతూ, ఇక్కడి తోళ్ళు ఊనడానికి ఇండియా నుంచి ఓడల్లో 'మైరోబలాన్' అనే కాయ వచ్చేదన్నాడు. ఫోన్‌లో బొమ్మ చూశాను. కరక్కాయ! పార్వతీపురం కొండల్లో సవరలు, జాతాపులు ఏరుకొచ్చి సంతలో అమ్మే కరక్కాయ. తాత వేళ్ళ సందుల్లో నల్లగా పట్టిన మరక అదే. ఈ ఊళ్ళో తోలు ఊనిన వాళ్ళ వేళ్ళకీ అదే మరక పట్టి ఉంటుంది. ఆ సాయంత్రమే అయ్యకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "దాన్నుంచి తప్పించడానికే గదరా నిన్ను సదివించాను" అని ఫోన్ పెట్టేశాడు. నెల రోజులు మాట్లాడలేదు.

2024 సంక్రాంతికి ఇంటికి వెళ్ళాను. చీపురుపల్లి స్టేషన్‌లో తమ్ముడు బండి వేసుకుని వచ్చాడు. సంచిలో రెండు ఆరెలు, సూదులు, మైనం, నేను కుట్టిన చివావా బెల్టు ఒకటి ఉన్నాయి. కనుమ రోజు పొద్దున అయ్య అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. బెల్టు ఆయన పక్కన పెట్టి నేను లోపలికి వెళ్ళిపోయాను. ఎదురుగా నిలబడే ధైర్యం లేదు. అమ్మ సైగ చేస్తే కిటికీలోంచి చూశాను.

టీ గ్లాసు కింద పెట్టాడు. బెల్టు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పైతోలు లోపలికి వచ్చేలా మడిచి, ముడతలు ఎలా పడుతున్నాయో చూశాడు. తాత అచ్చం అలాగే చూసేవాడు. తర్వాత బొటనవేలు అంచు మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా నెమ్మదిగా జరిపాడు. ఒక కుట్టు దగ్గర ఆగి, గోటితో నొక్కి చూశాడు.

"వీపుతోలే" అన్నాడు, లోపలికి వినబడేలా. "ఇటు రా. ఆ కుక్క ఏపాటి ఉంటది?"

నేను బయటికి వచ్చి రెండు చేతులు చాచి చూపించాను.