ఆంత్రోపాలజీలో మతం యూనిట్: నేను చదివిన తీరు

సివిల్స్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. లిస్టులో నా నంబరు ఉందని తెలిశాక అమ్మ ఏడ్చింది, నాన్న వీధి చివరి దాకా స్వీట్లు పంచి వచ్చారు. ఆ సంతోషం ఇంకా తగ్గలేదు. హైదరాబాద్ అశోక్‌నగర్ హాస్టళ్లలో, చిక్కడపల్లి లైబ్రరీలో ఇంకా చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మాత్రం ఎక్కువగా ఒకటే అడుగుతున్నారు. నా ఆప్షనల్ ఆంత్రోపాలజీ (మానవ శాస్త్రం), దాని పేపర్ వన్‌లో ఐదో యూనిట్, అంటే మతం, ఎలా చదివావని. ప్రిలిమ్స్, జీఎస్ (జనరల్ స్టడీస్), ఎస్సే గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే నేను ఈ ఒక్క యూనిట్ గురించే రాస్తున్నాను.

దీనికి అందరి దగ్గరా ఉండే నోట్స్ ఒకేలా ఉంటాయి: పండితుడి పేరు, పుస్తకం వచ్చిన ఏడాది, ఒక్క మాట. టైలర్ 1871, ఆత్మలపై విశ్వాసం. మారెట్, 'మానా' అనే అతీంద్రియ శక్తి. ఫ్రేజర్ 1890, మంత్రం నుంచి మతం, మతం నుంచి సైన్స్. డర్క్‌హైమ్ 1912, పవిత్రం, లౌకికం. ఇవి వరసగా రాసేస్తే సమాధానం అయిపోయిందనుకుంటాం. నిజానికి వీళ్లంతా ఒకే ప్రశ్నకు జవాబులు ఇవ్వలేదు. టైలర్ అడిగింది మతం ఎక్కడ పుట్టిందని. కలలో చనిపోయినవాళ్లు కనపడతారు, శవంలో ఊపిరి ఉండదు, కాబట్టి ఒంట్లోంచి బయటికి పోయేది ఏదో ఉందని ఆదిమ మానవుడు అనుకున్నాడని ఆయన ఊహ. డర్క్‌హైమ్‌ది వేరే ప్రశ్న, మతం మనుషుల్ని ఎలా కలిపి ఉంచుతుందని. వీళ్ల తర్వాత వచ్చిన గిర్ట్జ్ అడిగింది, నమ్మేవాళ్లకు ఈ లోకం ఎలా అర్థమవుతుందని. అంటే మూడు ప్రశ్నలు: మతం పుట్టుక, అది చేసే పని, అది ఇచ్చే అర్థం. ఏ పండితుడు వీటిలో దేన్ని అడుగుతున్నాడో తెలిస్తే, ఎవరిని ఎవరితో పోల్చాలో, ఎక్కడ విమర్శ పెట్టాలో దానంతటదే తెలుస్తుంది.

నాకు అసలు దారి దొరికింది మా హాస్టల్ గదిలో.

నా రూమ్మేట్ ప్రిలిమ్స్‌కి ముందు చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లి 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకున్నాడు. కోరిక తీరితే 108 చేయాలన్నది అక్కడి ఆనవాయితీ. ప్రిలిమ్స్ గట్టెక్కాడు. మెయిన్స్ దగ్గర పడింది, 108 అలాగే ఉండిపోయాయి. వెళ్దామనుకున్న ఆదివారం తెల్లవారుజాము నుంచి కుండపోత, రోడ్ల మీద మోకాళ్ల లోతు నీళ్లు. ఆ రాత్రి వాడు పుస్తకం తెరిచి పెట్టుకుని ఒక్క పేజీ కూడా తిప్పలేదు. "స్వామికి బాకీ పెట్టుకుని పేపర్ ఎలా రాస్తాన్రా" అన్నాడు. వాడికి సిలబస్ మీద భయం లేదు. టెన్షనంతా ఆ మొక్కు గురించే.

నా టేబుల్ మీద అప్పుడు మానవ శాస్త్రవేత్త మాలినోవ్‌స్కీ పుస్తకం ఉంది. పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో లోపలి మడుగులో చేపలు పట్టేటప్పుడు మంత్రతంత్రాలు ఉండవు, అక్కడ ప్రమాదం లేదు, చేప దొరుకుతుందన్న నమ్మకం ఉంది. నడిసముద్రంలోకి పడవ వేసేటప్పుడు మాత్రం మంత్రం తప్పనిసరి. మనిషి చేతిలో లేనిచోట భయాన్ని తగ్గించేది మంత్రమని ఆయన వాదన. మా రూమ్మేట్ చేసిన 11 ప్రదక్షిణలు అచ్చంగా ఇదే. మరో మానవ శాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్ బ్రౌన్ దీన్ని 1939లో తిరగేశాడు. ఆచారం ఉండబట్టే, అది చేయకపోతే ఏమవుతుందోనన్న భయం పుడుతుందని అన్నాడు. తీరని ఆ 108 ఇదే. 1941లో హోమన్స్ ఇద్దరూ చెప్పింది నిజమేనన్నాడు. మొదటి భయం పరిస్థితి వల్ల వస్తుంది, దాన్ని ఆచారం తీరుస్తుంది. ఆ ఆచారంలో లోటు జరిగితే రెండో భయం మొదలవుతుంది. అంతవరకు మూడు వేర్వేరు పేజీల్లో ఉన్న ముగ్గురూ నాకు ఆ రాత్రి ఒకే వాదనగా కనపడ్డారు. ఆ తర్వాత ఏ సిద్ధాంతం చదివినా, ఇది నేను చూసిన మనుషుల్లో ఎక్కడ కనపడుతుందని అడగడం అలవాటైంది.

సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల మర్నాడు రంగం చూడండి. పచ్చికుండ మీద నిలబడి ఒక ఆడమనిషి భవిష్యవాణి చెబుతుంది, ప్రశ్నలు అడిగేది పక్కనున్న పూజారి. వానలు పడతాయా, రోగాలు వస్తాయా అన్నవే జనం చెవులు రిక్కించి వినేవి. పూజారికి, షమన్‌కి (ఆత్మలతో నేరుగా వ్యవహరించేవాడికి) తేడా రాయమంటే చాలామంది ఒకటి పదవి వల్ల, రెండోది పూనకం వల్ల అని ఆపేస్తారు. ఇక్కడ పూనేది అమ్మవారే అయినా ఆ బాధ్యత వంశంలో వస్తున్నదే. పైగా షమన్‌లా ఆమె ఆత్మల్ని తన అదుపులో పెట్టుకోదు, దేవతే ఆమెలోకి వచ్చి ఆమె నోట మాట్లాడుతుంది. అందుకే రేమండ్ ఫర్త్ చేసిన విభజన ప్రకారం ఈమెను షమన్ కంటే మీడియం అనడమే సరైనది. ఈ ఒక్క వాక్యం రాస్తే మీరు నోట్స్ బయట కూడా ఆలోచించారని పేపర్ దిద్దేవాళ్లకు తెలుస్తుంది.

ఇవాన్స్ ప్రిచర్డ్‌ని మాత్రం వదలకండి. ఆయన చూసిన ఆఫ్రికాలోని అజాండే వాళ్ల ధాన్యపు గాదె కూలి కింద కూర్చున్నవాళ్లకు దెబ్బలు తగులుతాయి. చెదలు గుంజల్ని తినేశాయని వాళ్లకు తెలుసు. కానీ సరిగ్గా ఆ మనుషులు కూర్చున్నప్పుడే ఎందుకు కూలిందన్నది వాళ్ల ప్రశ్న. దానికి వాళ్ల జవాబు విచ్‌క్రాఫ్ట్, అంటే ఎవరి ఒంట్లోనో పుట్టుకతో ఉండి ఇతరులకు హాని చేసే శక్తి. పాసైనవాడి పక్కనే కూర్చుని ఒకే పుస్తకం చదివి ఫెయిలైనవాళ్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. కారణం తెలిసినా "నాకే ఎందుకు" అన్నది మిగులుతుంది. విశ్వాసం పనిచేసేది ఎక్కువగా అక్కడే.

దేవుళ్ల పుట్టుక గురించి చదివి ఏం సాధిస్తావని మా బంధువులు అనని రోజు లేదు. ఇంజినీరింగ్ చదివి ఇదేం సబ్జెక్టన్నారు. ఇది చదివితే భక్తి పోతుందా అని కూడా కొందరు అడుగుతున్నారు. నాకు పోలేదు. అమ్మ ఎత్తే బోనంలో దేవత ఉందా లేదా అన్నది ఈ శాస్త్రం తేల్చదు. ఆ బోనం వీధిలోకి వచ్చినప్పుడు ఆ వీధికి ఏమవుతుందో చూస్తుంది. అబద్ధపు మతమంటూ ఏదీ లేదని డర్క్‌హైమ్ అన్నది ఈ అర్థంలోనే. ఇతరుల నమ్మకాన్ని ఎగతాళి చేసేవాడు రేపు కలెక్టరై ఏజెన్సీకి వెళ్తే ఎవరి మాటా వినలేడు. అందుకే నా ఆప్షనల్‌ని నేను ఎక్కడా తగ్గించి చెప్పను.

ఇక క్రమశిక్షణ. రోజుకో సమాధానం చేత్తో, టైం పెట్టుకుని రాయండి. జ్వరమొచ్చినా, పండగొచ్చినా సరే. ఫోన్ పక్క గదిలో పెట్టండి. మోటివేషన్ వీడియోలు చూస్తూ మధ్యాహ్నాలు పోగొట్టుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను. తెలివి తక్కువై వెనకబడినవాళ్లు అంతమంది లేరు.

పేపర్ టూకి కేస్‌స్టడీలు మన తెలంగాణలోనే కావలసినన్ని ఉన్నాయి. మేడారంలో విగ్రహం లేదు, పూజారులు కోయవాళ్లు, జనం తమ బరువుకు బెల్లం తూచి బంగారమని సమర్పిస్తారు. గిరిజన మతం, రైతు మతం ఎలా కలిసిపోతాయో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. గోండుల నాగోబా జాతర ఇంకా లోతైనది. మెస్రం వంశం వాళ్లు కాలినడకన వెళ్లి గోదావరి జలం తెస్తారు, కొత్త కోడళ్లను భేటింగ్‌లో నాగోబాకు పరిచయం చేస్తారు. అది జరిగితేనే కోడలు ఆ వంశపు పూజలో పాలుపంచుకోగలదు. గోండుల మధ్య పనిచేసిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ కాలంలో, 1940లలో మొదలైన దర్బార్‌లో ఇప్పటికీ అధికారుల ముందు భూమి, నీళ్ల సమస్యలు చెప్పుకుంటారు. పూజ, వంశం, రాజకీయం మూడూ ఒక్క సమాధానంలో పట్టే కేస్ ఇది. జాతర పుష్య అమావాస్యకు, ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో. అప్పటికి ప్రిలిమ్స్‌కి ఇంకా నెలలు ఉంటాయి, రెండు రోజులు తీసి వెళ్లి రండి. వెళ్లేముందు హైమన్‌డార్ఫ్ గోండుల మీద రాసినవి కొంతైనా చదువుకోండి.