నిమ్ము వెనక కవాసాకి

మా వాడికి ఏడాదిన్నర. దగ్గు, ఆయాసం ఉంటే ఊళ్ళో ఆస్పత్రిలో చేర్చాం. ఎక్స్‌రే తీసి కుడివైపు నిమ్ము అన్నారు. నిమ్ము ఉన్నమాట నిజమే. యాంటీబయాటిక్స్ ఎక్కించాక ఆయాసం తగ్గింది కూడా. జ్వరం మాత్రం దిగలేదు. పారాసిటమాల్ వేస్తే కాసేపు చల్లబడడం, మళ్ళీ ఒళ్ళు కాలిపోవడం. దద్దుర్లొస్తే మందు పడలేదని మందు మార్చారు. కళ్ళు ఎర్రబడితే వైరస్ అన్నారు. మా అత్తయ్య "అమ్మవారేమోనే, దిండు కింద వేపాకు పెట్టు" అంది. దేనికదే ఒక కారణం దొరుకుతుంటే అన్నీ కలిపి చూసేవాళ్ళే లేకపోయారు.

పెదవులు పగిలి, పాలసీసా పీకకు రక్తం అంటేది. ఎత్తుకున్నా ఏడుపే, దించినా ఏడుపే.

హైదరాబాద్ తీసుకెళ్ళాం. అక్కడి పిల్లల డాక్టరమ్మ స్టెతస్కోప్ పెట్టకముందే ఎడమ భుజం మీది చొక్కా జరిపింది. పుట్టగానే వేసిన బీసీజీ టీకా మచ్చ ఎర్రగా ఉబ్బి ఉంది. తర్వాత నాలుక చూసింది, స్ట్రాబెర్రీ పండులా ఎర్రగా, గరుగ్గా. "కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ పుసి లేదు. జ్వరమూ అయిదు రోజులు దాటింది. ఇది కవాసాకి అమ్మా. నిమ్ముతో పాటు ఇదీ రావచ్చు" అంది.

రక్తనాళాల గోడలు వాచే జబ్బట. జపాన్ పిల్లల డాక్టరు టొమిసాకు కవాసాకి 1967లో దీని గురించి రాశారు. భయమంతా గుండెకు రక్తం అందించే కరోనరీ నాళాల గురించే. వైద్యం అందకపోతే దాదాపు నలుగురిలో ఒకరికి అవి ఉబ్బుతాయి. జ్వరం మొదలైన 10 రోజుల్లోపు ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసి, నరంలోకి ఎక్కించే యాంటీబాడీలు) ఇస్తే ఆ ముప్పు బాగా తగ్గుతుంది.

ఎకోలో, అంటే గుండె స్కాన్‌లో, ఒక నాళం కాస్త వెడల్పుగా కనిపించింది. కిలోకు 2 గ్రాముల లెక్కన, 10 కిలోల వాడికి 20 గ్రాములు రాత్రంతా బొట్టుబొట్టుగా ఎక్కించారు. నర్సు వచ్చి బీపీ చూసినప్పుడల్లా నాకు టెన్షనే. తెల్లారేసరికి జ్వరం దిగింది. ఇడ్లీ అడిగాడు!

తర్వాతి వారం వేళ్ళ చివర చర్మం పొరలుగా ఊడింది. ప్లేట్‌లెట్లు పెరిగాయి, అది మామూలేనన్నారు. కొద్ది మోతాదు ఆస్పిరిన్ నడిచింది. అది వాడినన్నాళ్ళూ ఫ్లూ, ఆటలమ్మ ఉన్నవాళ్ళ దగ్గరికి పంపొద్దన్నారు. ఆస్పిరిన్ మీద అవి వస్తే కాలేయానికీ మెదడుకీ ప్రమాదమట. ఆరు వారాల ఎకో నార్మల్, మందు ఆపేశారు.

ఐవీఐజీ తర్వాత తట్టు, ఆటలమ్మ టీకాలు 11 నెలలు ఆగాలి, ముందే వేస్తే సరిగా పనిచేయవు. మా ఏఎన్ఎం కనిపించినప్పుడల్లా రెండో డోసు సంగతి అడిగేది. డిశ్చార్జి కాగితం చూపించాను. ఆ జబ్బు పేరు తన రిజిస్టరులో తెలుగులో రాసుకుని, స్పెల్లింగు నాతో సరిచూయించుకుంది.