నిప్పుల మీద వాఫుల్: అచ్చు కాలితే సగం పని అయినట్టే

కట్టెల నిప్పు మీద వాఫుల్ (రెండు పలకల అచ్చులో కాల్చే గళ్ల అట్టు) చేద్దామని కూర్చుంటే మొదటిది చాలాసార్లు పాడవుతుంది. అచ్చు తెరవగానే సగం కింది పలకకి, సగం పై పలకకి అంటుకుపోయి, మధ్యలో పచ్చిపిండి సాగుతుంది. అప్పుడు అందరి అనుమానమూ పిండి మీదకే పోతుంది. గుడ్డు తక్కువైందేమో, పాలు ఎక్కువయ్యాయేమో అని. పిండి తప్పేం లేదు. అచ్చు కాలలేదు, అంతే.

దోసెలు పోసే చేతికి ఇది తెలిసిన సంగతే. పెనం కాలకముందు పోసిన దోసె ఊడిరాదు. గులాబీ పువ్వుల అచ్చు నూనెలో సరిగ్గా కాగకపోతే పిండి పట్టదు, పట్టినా పువ్వు జారదు. వాఫుల్ అచ్చుదీ అదే జాతి. కాకపోతే దీనికి పెనాలు రెండు. నిప్పు కింద ఒక్కవైపే ఉంటుంది, పిండి మాత్రం రెండు పెనాలనీ ఒకేసారి తాకుతుంది. పై పలక కూడా కింది పలకంత వేడిగా ఉండాలి. నిప్పుల మీద వాఫుల్ కష్టమంతా ఇక్కడే ఉంది.

కరెంటు మెషీన్‌కి అలవాటుపడ్డ మనకి ఇది వింతగా అనిపిస్తుంది గానీ, అసలు వాఫుల్ పుట్టిందే నిప్పు మీద. యూరప్‌లో కొన్ని వందల ఏళ్లపాటు, పట్కారులా రెండు పొడుగు కాడలున్న ఇనుప అచ్చుని పొయ్యి నిప్పులో పెట్టి కాల్చుకునేవారు. న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ ఊరివాడు కార్నీలియస్ స్వార్టౌట్ 1869 ఆగస్టు 24న పేటెంటు తీసుకున్న అచ్చు కూడా పొయ్యి మీద తిప్పి కాల్చేదే. అందుకే అమెరికాలో ఆగస్టు 24ని వాఫుల్ డే అంటారు. నార్వేలో ఇప్పటికీ గుండె ఆకారం గళ్లున్న అచ్చుని అడవిలో మంట దగ్గరికి పట్టుకెళ్లి, యాలకుల పొడి కలిపిన మెత్తటి వాఫుల్స్ కాల్చుకుంటారు. వాటిని మడిచి, లోపల జామో గోధుమరంగు చీజో పెట్టుకుని తింటారు.

అచ్చు కొనేటప్పుడు చూడాల్సింది మొదట కాడలు. కనీసం అరవై, డెబ్భై సెంటీమీటర్లైనా ఉంటే చెయ్యి కాలకుండా తిప్పగలరు. పలకలు పోత ఇనుమువి అయితే మంచిది. ఆలస్యంగా వేడెక్కుతాయి, కానీ ఎక్కిన వేడిని పట్టుకుంటాయి. చల్లటి పిండి పడ్డా చప్పున చల్లారవు. అల్యూమినియం అచ్చు తేలిక, త్వరగా కాలుతుంది. అయితే పిండి పడగానే చల్లబడుతుంది, నిప్పులు ఎక్కడ ఎక్కువుంటే అక్కడ మాడ్చేస్తుంది. పైగా అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. గాలి తగిలి ఎర్రగా మండే బొగ్గు అంతకన్నా వేడిగా ఉంటుంది. ఖాళీ అచ్చుని బొగ్గుల్లో వదిలేస్తే వంకర పోవచ్చు, కరగనూ వచ్చు. ఇక నాన్‌స్టిక్ పూత ఉన్న అచ్చుని నిప్పు దగ్గరికి తీసుకురాకూడదు. ఆ పూత సుమారు 260 డిగ్రీలు దాటితే చెడిపోయి హానికరమైన ఆవిరి వదులుతుంది, నిప్పుల మీద ఆ వేడి నిమిషాల్లో వచ్చేస్తుంది.

కొత్త పోత ఇనుము అచ్చుకి సీజనింగ్, అంటే నూనె కాల్చి పూత పట్టించడం, దోసె పెనానికి చేసినట్టే. కడిగి, పొయ్యి మీద తడి పూర్తిగా ఆరనిచ్చి, పలకలకి నూనె రాసి, అసలు రాయలేదేమో అనిపించేంతగా తుడిచేయాలి. ఓవెన్‌లో 230 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, అందులోనే చల్లారనివ్వాలి. ఇలా మూడుసార్లు. పెనం చదునుగా ఉంటుంది కాబట్టి తుడవడం తేలిక. అచ్చులో గళ్లుంటాయి, గళ్ల మూలల్లో నూనె నిలుస్తుంది. నిలిచిన నూనె కాలి జిగురుగా గడ్డకడుతుంది, వాఫుల్ సరిగ్గా అక్కడే అంటుకుంటుంది. సన్నటి పుల్లకి గుడ్డ చుట్టి ఒక్కో గుంటనీ తుడవండి. విసుగే, కానీ ఒకసారి చేస్తే చాలాకాలం నిలుస్తుంది. కాడలు చెక్కవైతే మాత్రం ఓవెన్‌లో పెట్టకూడదు, పొయ్యి మీదే కొద్దికొద్దిగా కాల్చుకోవాలి.

మంట మీద వాఫుల్ చేయకూడదు. నిప్పుల మీద చేయాలి. మంట నాలుకలు అచ్చుని ఒకచోట తాకుతాయి, ఇంకోచోట తాకవు. మసి పట్టిస్తాయి. పైన నల్లగా మాడ్చి లోపల పచ్చిగా వదిలేస్తాయి. గట్టి కట్టె వాడండి. ఇక్కడైతే తుమ్మ, సరుగుడు, అమెరికాలో ఓక్, మేపుల్, హికరీ. పైన్ రాజుకోవడానికి బాగుంటుంది గానీ దాని బంకకి మసి ఎక్కువ, నిప్పు నిలవదు. కట్టె అంటుకున్న దగ్గర్నుంచి మంచి నిప్పులు రావడానికి ముప్పావుగంట నుంచి గంట పడుతుంది. ఈ గంట తగ్గించుకుందామనుకున్నవాళ్లే ఎక్కువగా పిండి పారబోసుకుంటారు. పక్కన ఒక మంట మండుతూనే ఉండాలి, అందులోంచి నిప్పులు లాగి వంట చేసే చోట నాలుగైదు సెంటీమీటర్ల మందాన పరుచుకుంటూ ఉండాలి. నాలుగో వాఫుల్ తర్వాత పాలిపోయిన వాఫుల్స్ వస్తున్నాయంటే నిప్పుల మీద బూడిద పేరుకుందని అర్థం. బూడిద దులిపి కొత్త నిప్పులు వేయండి.

అచ్చుని నేరుగా నిప్పుల్లో పడేయకండి. రెండు ఇటుకలు అటూ ఇటూ పెట్టి, అచ్చు నిప్పులకి ఎనిమిది, పది సెంటీమీటర్ల ఎత్తున ఉండేలా ఆనించండి. అదే ఎత్తున అరచేయి పెట్టి చూస్తే నాలుగు సెకన్లు ఓర్చుకోగలిగితే వేడి సరిగ్గా ఉంది. రెండు సెకన్లకే చెయ్యి తీసేయాల్సి వస్తే నిప్పులు పలచన చేయండి. ఏడెనిమిది సెకన్లు ఉండగలిగితే ఇంకా నిప్పు కావాలి.

అచ్చు మూసి, ఒకవైపు నాలుగు నిమిషాలు, తిప్పి ఇంకోవైపు నాలుగు నిమిషాలు కాల్చండి. చలిగా ఉంటే, గాలి వీస్తుంటే ఆరేసి నిమిషాలు. తెరిచి రెండు పలకల మీదా నీళ్లు చిలకరించండి. చుక్క పడినచోటే బుస్సుమని కూర్చుంటే ఇంకా కాలాలి. పూసలా ఉరుకుతూ దొర్లిపోతే సిద్ధం. ఒక పలక మీద దొర్లి, రెండో పలక మీద కూర్చుంటే పిండి పోయకండి, తిప్పి మళ్లీ కాల్చండి.

పలకలకి రాయడానికి నెయ్యిని మించింది లేదు. వెన్నలో పాల పదార్థం ఉంటుంది, అది మాడి గళ్లలో అంటుకుంటుంది. నెయ్యిలో అది ఉండదు కాబట్టి ఎక్కువ వేడిని తట్టుకుంటుంది. డబ్బాల్లో దొరికే నూనె స్ప్రేలు వద్దు. వాటిలో కలిపే లెసితిన్ అనే కొవ్వు పదార్థం వేడికి జిగురుగా మారి, మళ్లీ గీకితే తప్ప పోదు. బ్రష్ కూడా ప్లాస్టిక్ వెంట్రుకలది కాకుండా, పుల్లకి చుట్టిన నూలుగుడ్డ చాలు. ఒక్క చుక్క కూడా గళ్లలో నిలవకూడదు.

పిండికి కొలతలు ఇవి, ఆరేడు వాఫుల్స్ అవుతాయి. మైదా 250 గ్రాములు, బేకింగ్ పౌడర్ మూడు టీస్పూన్లు, ఉప్పు అర టీస్పూను, పంచదార ఒక టేబుల్ స్పూను, గుడ్లు రెండు, పాలు 400 మిల్లీలీటర్లు, కరిగించిన వెన్న 100 గ్రాములు. మైదాలో 40 గ్రాములు తీసేసి బదులుగా బియ్యప్పిండి వేస్తే కరకరలాడతాయి, రవ్వదోసెలో బియ్యప్పిండి చేసే పనే ఇక్కడా చేస్తుంది. పంచదార అంతకన్నా పెంచకండి. నిప్పుల మీద వేడి మన చేతిలో ఉండదు, పంచదార మొదట మాడేదీ, మొదట అంటుకునేదీ. తీపి పైన పోసుకోవచ్చు. వెన్న మాత్రం తగ్గించకండి. వాఫుల్ అచ్చుని వదిలి రావడానికి పలకకి రాసిన నెయ్యి కన్నా పిండిలో ఉన్న కొవ్వే ఎక్కువ సాయం చేస్తుంది.

బయటికెళ్లి చేసేటట్టయితే పొడి సరుకులన్నీ ఇంట్లోనే కలిపి డబ్బాలో పెట్టుకోండి. గుడ్లు కొట్టి మూత గట్టిగా ఉన్న సీసాలో పోసి ఐస్‌పెట్టెలో పెడితే దారిలో పగిలే బాధ ఉండదు. అక్కడికి వెళ్లాక పాలు, గుడ్లు, వెన్న కలిపి పొడిలో పోసి, పది పదిహేనుసార్లు తిప్పితే చాలు. చిన్న చిన్న ఉండలు ఉన్నా పర్వాలేదు. అవి పోయేదాకా గిలక్కొడితే మైదా సాగి, వాఫుల్ తోలులా వస్తుంది. పది నిమిషాలు నాననివ్వండి. పిండి ఇడ్లీ పిండికన్నా కాస్త జారుగా, గరిట నుంచి తాడులా కాక ముద్దలుగా జారాలి. పాలు చల్లగా ఉంటే కరిగిన వెన్న గడ్డలు కడుతుంది, అందుకని పాలని మంట పక్కన కాసేపు పెట్టి చలి విరగ్గొట్టండి.

అమెరికన్ వంటకాల్లో బటర్‌మిల్క్ అని ఉంటే మన పల్చటి మజ్జిగ పోయకండి, వాళ్ల బటర్‌మిల్క్ చిక్కగా ఉంటుంది. 300 మిల్లీలీటర్ల పెరుగులో 100 నీళ్లు కలిపి చిలికితే సరిపోతుంది. పై కొలతల్లో పాలకి బదులు అది పోస్తే బేకింగ్ పౌడర్ ఒక టీస్పూను తగ్గించి, అర టీస్పూను వంటసోడా వేయండి. సోడా కలిపిన వెంటనే పొంగడం మొదలవుతుంది కాబట్టి ఆ పిండి ఎక్కువసేపు ఉంచకూడదు.

గుడ్డు తిననివాళ్లకి స్వీడన్‌వాళ్ల పద్ధతి చక్కగా కుదురుతుంది. వాళ్ల కరకరలాడే వాఫుల్‌లో గుడ్డు వేయరు. మైదా 250 గ్రాములు, బేకింగ్ పౌడర్ రెండు టీస్పూన్లు, ఉప్పు, చల్లటి నీళ్లు 400 మిల్లీలీటర్లు, కరిగించిన వెన్న 125 గ్రాములు. ఇవి వేడిగా ఉన్నప్పుడే తినాలి, చల్లారితే గట్టిపడతాయి. మిగిలిన ఇడ్లీ పిండితోనూ చేయొచ్చు. గరిటెడు నూనె కలిపి, ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర వేసి, ఒక్కోవైపు మూడు నాలుగు నిమిషాలు ఓపిగ్గా కాల్చాలి. అల్లం పచ్చడితో బ్రహ్మాండంగా ఉంటుంది. దోసెలకని పల్చన చేసిన పిండి మాత్రం కారిపోతుంది.

ఇప్పుడు పోయడం. అచ్చు మధ్యలో పిండి పోసి, మూడింట రెండు వంతులు నిండగానే ఆపేయండి. మామూలు అచ్చుకి 100 నుంచి 120 మిల్లీలీటర్లు పడుతుంది. అంచుదాకా పోస్తే పొంగి నిప్పుల్లో కారుతుంది, కారిన వెన్న భగ్గున మండి ఆ వైపు నల్లబడుతుంది. మూసి పదిహేను సెకన్లలోపు తిప్పేయండి. ఈ మొదటి తిప్పుడు చాలామంది చేయరు. తిప్పితే పిండి పై పలక గళ్లలోకి దిగి ఆకారం పడుతుంది. తిప్పకపోతే ఒకవైపు గళ్లు పదునుగా, ఇంకోవైపు మొద్దుగా వస్తాయి. అలా తిప్పినవైపు రెండు నిమిషాలు, మళ్లీ తిప్పి ఇంకో రెండు నిమిషాలు.

తొందరపడి తెరవకండి. అచ్చు అంచుల్ని చూడండి. మొదటి నిమిషంలో నలువైపులా తెల్లటి ఆవిరి జోరుగా చిమ్ముతుంది, లోపల చిటపటలు వినిపిస్తాయి. తర్వాత ఆవిరి సన్నబడి, కీలు దగ్గర ఒకే ఒక్క పోగులా మిగులుతుంది. చప్పుడు కూడా తగ్గి, వెన్న కమ్మటి వాసన మొదలవుతుంది. అప్పుడు పై పలకని ఒక్క పిసరు ఎత్తి చూడండి. తేలిగ్గా లేస్తే అయిపోయింది. పట్టుకున్నట్టు ఉంటే లాగకండి, మూసేసి ఇంకో అరనిమిషం. లోపల నీరు ఇంకా ఉందంటే పైపొర గట్టిపడలేదని, గట్టిపడని పొర ఇనుముని వదలదు. లాగితే చీలేది అక్కడే.

ముక్కువైపు మాడి, కాడవైపు తెల్లగా ఉంటే నిప్పులు ముక్కు కింద ఎక్కువున్నాయి. అచ్చుని కాస్త వెనక్కి లాక్కోండి, లేదా నిప్పులు కాడవైపుకి నెట్టండి. పైన ఎర్రగా అయినా లోపల పచ్చిగా ఉంటే వేడి ఎక్కువైంది, అచ్చుని ఇంకో ఇటుక ఎత్తు పైకి లేపండి. ఎంత కాల్చినా రంగు రాకుండా గట్టిపడితే వేడి తక్కువ.

అంటుకుపోయిందే అనుకోండి, చాకు పెట్టి గీకితే సీజనింగ్ ఊడిపోతుంది, ఆ తర్వాతవన్నీ అంటుకుంటాయి. ఊడినంత తీసేసి, అచ్చు మూసి నిప్పుల మీదే వదిలేయండి. మిగిలింది పూర్తిగా బొగ్గైపోతుంది. వెదురు పుల్లతో గుచ్చి, గట్టి బ్రష్‌తో రాలిస్తే శుభ్రంగా వస్తుంది. నెయ్యి రాసి మళ్లీ కాల్చి మొదలుపెట్టండి.

తీసిన వాఫుల్స్‌ని ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు, వాటి ఆవిరికి అవే మెత్తబడతాయి. వైరు జాలీ మీద విడివిడిగా పెట్టండి, జాలీ లేకపోతే రెండింటిని పేకముక్కల ఇంటిలా ఒకదానికొకటి ఆనించండి. పైకి మేపుల్ సిరప్ మామూలే. తీగపాకం రాకముందు దింపిన బెల్లం పాకంలో కాస్త నెయ్యి వేసి పోసుకుంటే, మాకైతే సిరప్ కన్నా అదే నచ్చుతుంది.

నిప్పు రాజేసే ముందు ఒక మాట. మన దగ్గర రిజర్వ్ ఫారెస్టులో నిప్పు పెట్టడం నేరం, పొలంలోనో తోటలోనో ఇంటి పెరట్లోనో చేసుకోండి. అమెరికాలో క్యాంపింగ్‌కి వెళ్లేవాళ్లు ఆ రోజు ఫైర్ బ్యాన్ (నిప్పు వెలిగించడంపై నిషేధం) ఉందేమో ముందే చూసుకోవాలి. కట్టెలు ఇంటి నుంచి మోసుకెళ్లకుండా అక్కడే కొనండి. కట్టెల్లో దాగిన పురుగులు ఒక అడవి నుంచి ఇంకో అడవికి పాకుతాయి, అక్కడ యాష్ చెట్లు అలాగే కోట్లలో చచ్చిపోయాయి. వెళ్లేటప్పుడు నిప్పుల మీద నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోసి, దగ్గరగా చెయ్యి పెడితే వెచ్చదనం తగలనంతవరకూ కదలకండి.

ఆ నీళ్లు మాత్రం వేడి అచ్చు మీద పడనివ్వకండి, పోత ఇనుము పగులుతుంది. అచ్చు దానంతటదే చల్లారాలి. గోరువెచ్చగా ఉండగానే పొడి బ్రష్‌తో తుంపులు దులిపి, పలుచగా నూనె తుడిచి, రెండు పలకల మధ్య పాత న్యూస్‌పేపరు మడిచి పెట్టి మూయండి. కాగితం తేమ పీల్చుకుంటుంది, తుప్పు పట్టదు.